ఇవాళ ఏం కాల్చావు?

పదకొండేళ్ళు ఆసుపత్రి వెనకాల నిప్పు పెట్టాను.
నా పేరు మొఖెలే.
అంతకుముందు పద్దెనిమిదేళ్ళు బంగారు గనిలో,
భూమి కడుపులో దుమ్ము మింగాను.
పైకొచ్చాక పొగే నయమనిపించింది.
కనీసం అది ఆకాశం వైపు పోతుంది కదా.

మా లెసోతో కొండల్లో జూన్ అంటే మంచు.
రాత్రి బకెట్లో నీళ్ళు తెల్లారేసరికి రాయి.
సంచులొచ్చేవి:
సూదులు, గొట్టాలు, చేతి తొడుగులు,
సగం తిన్న గంజి, అట్టపెట్టెలు,
ఎవరో పువ్వులు చుట్టి తెచ్చిన కాగితం.
అన్నీ ఒకే సంచిలో, ఒకే మంటలో.
విడదీయమని ఎవరూ చెప్పలేదు.
కాల్చమన్నారు. కాల్చాను.

పొగగొట్టానికి వీపు ఆనించి నిలబడితే
కంబళి లోపలికి వెచ్చదనం పాకేది.
ఇదీ చెప్పాలి, దాచుకుంటే అబద్ధమవుతుంది.
కాన్పుకొచ్చిన ఆడవాళ్ళూ అక్కడికే చేరేవాళ్ళు,
నిండు పొట్టల ముందు చేతులు కాచుకుంటూ.

మాతుమేలో అప్పుడే వచ్చేది.
అవతలి గట్టు మీది పల్లెకు ఆరోగ్య కార్యకర్త.
బూడిదరంగు పొట్టి గుర్రం,
జీను సంచిలో క్షయ మాత్రలు, నలభై ఇళ్ళు.
మాత్ర గొంతు దిగేదాకా ఎదురుగా కూర్చుని
నోరు తెరువు, నాలుక ఎత్తు, అనే మనిషి.
జీతం? ఆసుపత్రి డ్రైవరు టీ ఖర్చంత.
గుర్రం దిగకుండానే అడిగేది:
"ఇవాళ ఏం కాల్చావు, అన్నా?"
నేను చెప్పేవాణ్ణి. ఆమె రాసుకునేది,
అట్ట వెనక ఎక్కాలు అచ్చేసిన బడిపిల్లల పుస్తకంలో.

అందులో రెండు వరసలున్నాయని నాకు తెలీదు.
ఒకదాంట్లో నా సంచులు, ఆ రోజు గాలి ఎటు వీచిందో.
రెండోదాంట్లో, గట్టవతల ఎవరు దగ్గారో.

పిత్సో రోజు, ఊరంతా కూర్చునే సభలో,
ఆమె లేచి చదివింది.
కేకల్లేవు. నా వైపు వేలు చూపలేదు.
"మంగళవారం, తొమ్మిది సంచులు, పడమటి గాలి.
బుధవారం, సెఖోబో ఇంట్లో ఇద్దరు.
గురువారం, మా అమ్మ."
అలా పద్నాలుగు పేజీలు.
మధ్యలో ఎవరో దగ్గారు.
నేనే.

గనిలో మింగిన దుమ్మూ ఇక్కడ నేను చేసిన పొగా,
ఏది ఏదో ఏ డాక్టరు విడదీస్తాడు?
సంచులైతే విడదీయొచ్చు.

నర్సు కెనేవె ఒక సంచిని నేల మీద బోర్లించింది.
పది పాళ్ళలో ఎనిమిది మామూలు చెత్త.
నెత్తురంటింది గుప్పెడు.
ఆ గుప్పెడు కోసం ఆవిరి డ్రమ్ము వచ్చింది.
దాన్ని నడిపే ఎండ పలకల్ని ఉత్తరానికి తిప్పి బిగించాం,
మా సూర్యుడు ఉత్తరపు దారినే నడుస్తాడు.
గంజి పందుల పాలైంది.
మందుసీసాల గాజు దంచి, సిమెంటులో కలిపి,
కాన్పుల వాళ్ళు ఆగే గదికి గచ్చు పోశాం.
గోడలు కట్టింది ఊరే: రాయి మోసినవాళ్ళు,
మోస్తూ తిట్టినవాళ్ళు,
మూడోరోజుకే నడుం నొప్పన్నవాళ్ళు.
మధ్యాహ్నం ఎండ మంచం దాకా వస్తుంది.
సాయంత్రం మాత్రం చలే.

మంచు పడి పలకలు గుడ్డివైన మూడు రోజులు
డ్రమ్ము కదల్లేదు, సంచులు పేరుకున్నాయి.
పాత పొయ్యి తలుపు మీద చెయ్యి వేశాను.
అగ్గిపెట్టె జేబులోనే ఉంది.
నాలుగో రోజు ఎండ కాసింది.
అంతే. గొప్పతనం నాది కాదు.

గట్టవతల దగ్గు పోయిందా?
పోలేదు. ఇళ్ళలో పిడకల పొయ్యిలున్నాయి,
గనుల నుంచి తిరిగొచ్చిన ఊపిరితిత్తులున్నాయి.
రెండో వరస కాస్త పొట్టిదైంది.
మొదటి వరస ఖాళీ. అయినా రోజూ గీత గీసి ఉంచుతుంది.

ఇప్పుడు నేనూ మాత్రలు మింగుతున్నాను.
ఆరు నెలల్లో నాలుగయ్యాయి.
గుర్రం దిగి, ఎదురుగా రాయి మీద కూర్చుని,
నోరు తెరువు, నాలుక ఎత్తు, అంటుంది.
ఎత్తాను.
"ఇదేమిటి, ఇంత ఎర్రగా? ఇవాళ ఏం కాల్చావు?"
"నాలుకే. టీ తొందరపడి తాగాను."
ఆమె పుస్తకం తీసి, మొదటి వరసలో,
నిజంగానే రాసుకుంది.